బాల్డర్స్ గేట్ 2 మళ్ళీ ఆడుతున్నారా? క్లాస్ కంటే ముందు పార్టీ సంగతి చూసుకోండి

బాల్డర్స్ గేట్ 2 అనే కంప్యూటర్ రోల్‌ప్లేయింగ్ ఆటని మొదటిసారి ఆడేవాళ్ళకి ఏ క్లాస్, అంటే పాత్రకి ఏ వృత్తి, తీసుకోవాలో చెప్పడం తేలిక. ఫైటర్ తీసుకో, పెద్ద కత్తి పట్టుకో, కథ చూడు, అంతే. చిక్కంతా మళ్ళీ ఆడేవాళ్ళకే. కథ తెలుసు, విలన్ ఇరెనికస్ ఎవరో తెలుసు, ఏ పెట్టెలో ఏముందో సగం గుర్తుంది, ఇక మిగిలిన కొత్తదనం ఒక్కటే, మీ చేతిలో ఉండే పాత్ర. అది కూడా పోయినసారి లాంటిదే అయితే అత్కత్లా ఊళ్ళో అడుగుపెట్టిన గంటకే ఆవలింతలు మొదలవుతాయి. నేను ఇలా మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మధ్యలో వదిలేశాను. తప్పు ఆటది కాదు, నేను ఎంచుకున్న తీరుది.

మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. బయోవేర్ వాళ్ళు 2000లో షాడోస్ ఆఫ్ ఆమ్న్ తెచ్చారు, 2001లో దానికి ముగింపుగా త్రోన్ ఆఫ్ భాల్ వచ్చింది, 2013లో రెండూ కలిపి ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌గా మళ్ళీ వచ్చాయి. ఇప్పుడు చాలామంది ఆడేది ఇదే. 2023లో మూడో భాగం వచ్చాక అందులో జహీరానీ మిన్స్క్‌నీ చూసి, వీళ్ళ పాత కథేంటో చూద్దామని వెనక్కి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ఒక్క మాట: ఇక్కడ నడిచేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ రెండో ఎడిషన్ రూల్స్. దెబ్బ తగలకుండా కాపాడే ఆర్మర్ క్లాస్ అంకె ఎంత తగ్గితే అంత మంచిది, దెబ్బ గురిని కొలిచే థాకో కూడా అంతే. మొదటి రోజు తల తిరుగుతుంది, మూడో రోజుకి అలవాటైపోతుంది.

ఇక అసలు విషయం. ఈ ఆటలో పార్టీ, అంటే కలిసి తిరిగే జట్టు, ఆరుగురిది. అందులో మీరు ఒక్కరే, మిగతా అయిదుగురూ దారిలో దొరికేవాళ్ళు. వాళ్ళ క్లాసులు ముందే రాసిపెట్టి ఉన్నాయి, మీరు మార్చలేరు. కాబట్టి "ఏ క్లాస్ బలమైంది" అని వెతకడం మానేసి, "ఈసారి నేను ఎవరెవరిని వెంట తీసుకెళ్తాను, వాళ్ళందరూ పోగా మిగిలే పని ఏంటి" అని అడగండి. ఒక కాగితం మీద మీకిష్టమైన అయిదు పేర్లు రాసుకుంటే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ముందు నిలబడి కొట్టేవాళ్ళకి ఈ ఆటలో కరువు లేదు. మిన్స్క్, కోర్గన్, మాజీ, కెల్డోర్న్, వాలిగార్, అనోమెన్, జహీరా, అందరూ కత్తో గదో పట్టుకుని నిలబడగలిగినవాళ్ళే. మేజ్‌లకీ, అంటే మంత్రాలు వేసేవాళ్ళకీ, కరువు లేదు, ఎడ్విన్, ఏరీ, నాలియా, జాన్, కొంత కథ నడిచాక ఇమోయెన్. వైద్యానికి వికోనియా, అనోమెన్, ఏరీ, జహీరా ఉన్నారు, వీళ్ళలో ఒకరున్నా గడిచిపోతుంది. మరి తాళాలు, ఉచ్చులు తీసే థీఫ్? ఇక్కడే ఖాళీ కనిపిస్తుంది. అసలు ఆటలో పూర్తిగా థీఫ్ పని చేసేవాడు యోషిమో ఒక్కడే, అతని గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి నేను చెప్పను. ఇమోయెన్, నాలియా ఇద్దరూ థీఫ్ చదువు మధ్యలో ఆపేసి మేజ్‌లైనవాళ్ళు. జాన్ జాన్సెన్ మేజ్, థీఫ్ రెండూ కలిసిన గ్నోమ్, పనికొస్తాడు గానీ వాడి టర్నిప్ కథలు వినే ఓపిక ఉండాలి. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో హెక్సాట్ అని ఇంకొకరిని చేర్చారు, మంచివాళ్ళతో నిండిన పార్టీలో ఆమెని నిలబెట్టుకోవడం కష్టం.

అందుకే నా సలహాలో మొదటి స్థానం థీఫ్‌ది. బలమని కాదు, అవసరమని. తాళాలు, ఉచ్చులు ఎవరో ఒకరు తీయాల్సిందే, ఆ ఎవరో ఒకరు మీరే అయితే మిగతా అయిదు కుర్చీలూ ఖాళీ అవుతాయి, ఎవరిని కావాలంటే వాళ్ళని కూర్చోబెట్టుకోవచ్చు. పోయినసారి ఫైటర్‌గా ఆడి "థీఫ్ కావాలి కాబట్టి" అనే ఒక్క కారణంతో ఇష్టం లేని మనిషిని చివరిదాకా మోసినవాళ్ళకి ఈ సుఖం అర్థమవుతుంది.

చేతికి పని కూడా పూర్తిగా మారిపోతుంది. ఫైటర్‌గా అయితే తలుపు తీయగానే లోపలికి దూకుతారు. థీఫ్‌గా అయితే మిగతా అయిదుగురినీ బయట వరండాలో నిలబెట్టి మీరొక్కరే చీకట్లో లోపలికి జారుకుంటారు. లోపల ఒక మేజ్ ఉంటాడు, మిమ్మల్ని చూడలేదు కాబట్టి ఇంకా ఒంటి మీద దెబ్బలు ఆపే స్టోన్‌స్కిన్ మంత్రం లేదు, ఏ రక్షణా లేదు. నెమ్మదిగా అతని వెనక్కి చేరాలి, అతను ఇటు తిరిగితే ఆగాలి, నీడల్లో ఉన్న గుర్తు పోకుండా చూసుకోవాలి. అప్పుడు ఒక్క దెబ్బ. మామూలు థీఫ్‌కి 9వ లెవెల్లో బ్యాక్‌స్టాబ్, అంటే ఈ వెనక దెబ్బ, నాలుగు రెట్లు, 13 నుంచి అయిదు రెట్లు. అసాసిన్ కిట్, అంటే థీఫ్‌లో ఒక ప్రత్యేక రకం, తీసుకుంటే చివరికి ఏడు రెట్ల దాకా వెళ్తుంది, కాకపోతే లెవెల్‌కి దొరికే నైపుణ్యం పాయింట్లు తక్కువ. దెబ్బ తగిలితే ఆ యుద్ధం మొదలవకముందే ముగిసినట్టు. తగలకపోతే మాత్రం పది మంది మధ్యలో పల్చటి తోలు కవచంతో ఒంటరిగా నిలబడి ఉంటారు, ఆ టెన్షన్ కోసమే థీఫ్ ఆడాలి అంటాను నేను.

ఫైటర్, థీఫ్ కలిపి మల్టీక్లాస్ తీసుకుంటే ఈ గండం చాలావరకు తప్పుతుంది, దొరికిపోయినా కాసేపు నిలబడి కొట్టుకోవచ్చు. హాఫ్-ఓర్క్ అయితే బలం 19 దాకా పెట్టుకోవచ్చు. పాయింట్లు రెండు క్లాసులకీ పంచుకుపోతాయి కాబట్టి లెవెల్స్ కాస్త మెల్లగా ఎక్కుతాయి, ఈ ఆటలో అనుభవం పాయింట్లు కుప్పలుగా వస్తాయి కాబట్టి అది పెద్ద బాధ కాదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మామూలు థీఫ్ పట్టుకోగలిగే ఆయుధంతో మాత్రమే బ్యాక్‌స్టాబ్ పడుతుంది. నేను మొదటిసారి ఈ కాంబినేషన్ తీసుకుని మంచి గొడ్డలి ఒకటి చేతికిచ్చి, నాలుగైదు గంటలు వెనకనుంచి వెళ్ళి వెళ్ళి కొట్టాను, ఒక్కసారీ రెట్టింపు పడలేదు. ఆట పాడైపోయిందనుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ కూడా చేశాను. పాడైంది నా బుర్ర.

స్వాష్‌బక్లర్ గురించి కూడా అడుగుతారు. బ్యాక్‌స్టాబ్ రెట్లు లేవు, బదులుగా లెవెల్ పెరిగేకొద్దీ ఎదురుగా నిలబడి కొట్టుకునే సత్తా వస్తుంది. మంచి కిట్టే, కానీ మళ్ళీ ఫైటర్ ఆడినట్టే ఉంటుంది, చేతికి పని మారదు. బౌంటీ హంటర్ ఉచ్చులు పెట్టడంలో దిట్ట. పడుకున్న డ్రాగన్ చుట్టూ ముందే ఉచ్చులు పరిచి లేపడం అనే పాపం చేయనివాళ్ళు ఈ ఆట ఆడినవాళ్ళలో తక్కువ.

ఇప్పుడు అందరూ చెప్పే పేరు, ఇన్‌క్విజిటర్. పాలడిన్‌లలో, అంటే ధర్మం తప్పని యోధుల్లో, ఒక కిట్ ఇది. ఈ ఆటలో మిమ్మల్ని ఎక్కువసార్లు చంపేది శత్రు మేజ్‌లే, ఒకడి చుట్టూ ఆరు పొరల రక్షణ ఉంటుంది, మీ కత్తులు గాలిలో తిరుగుతుంటాయి. ఇన్‌క్విజిటర్ వేసే డిస్పెల్ మ్యాజిక్, అంటే మంత్రాలని తొలగించే మంత్రం, తన లెవెల్‌కి మించిన లెవెల్ ఉన్నట్టు పనిచేస్తుంది, పైగా కళ్ళు మూసి తెరిచేలోపు పడిపోతుంది. ఆ పొరల్లో చాలావరకు ఉల్లిపొట్టులా ఊడిపోతాయి. దాక్కున్నవాళ్ళని బయటపెట్టే ట్రూ సైట్ కూడా చేతిలోనే ఉంటుంది, వశీకరణం, స్తంభన ఇతని మీద పనిచేయవు. బదులుగా పాలడిన్‌కి ఉండే చేతి వైద్యం ఉండదు, దైవ స్పెల్స్ ఉండవు. ఇవి పోయినా ఎవరూ ఏడవరు. ఒక్క జాగ్రత్త, ఆ డిస్పెల్ మీవాళ్ళ మీద పడితే మీరు పది నిమిషాలు కూర్చుని వేసుకున్న స్పెల్స్ కూడా ఎగిరిపోతాయి.

మరి ఇంత మంచిది రెండో స్థానంలో ఎందుకు? కెల్డోర్న్ ఉన్నాడు కాబట్టి. ఆయనా ఇన్‌క్విజిటరే, టెంపుల్ డిస్ట్రిక్ట్ కింద మురుగు కాలువల్లో దొరుకుతాడు, అడిగితే వెంట వస్తాడు. ఆయన్ని తీసుకెళ్ళే ఉద్దేశం ఉంటే మీరూ అదే అవ్వడం ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే కూర వండినట్టు. కార్సోమిర్ అనే పెద్ద కత్తి ఉంది, విండ్‌స్పియర్ కొండల్లో ఫిర్‌క్రాగ్ అనే ఎర్ర డ్రాగన్‌ని చంపితే వస్తుంది, పట్టుకున్నవాడికి మాయల నుంచి 50 శాతం రక్షణ ఇస్తుంది, పాలడిన్ తప్ప ఇంకొకరు పట్టుకోలేరు. ఇద్దరు పాలడిన్‌లు ఉంటే అది ఎవరికి ఇవ్వాలన్నది ఇంకో పంచాయితీ. కానీ మీరు ఈసారి వికోనియాని, ఎడ్విన్‌ని, కోర్గన్‌ని వేసుకుని చెడ్డదారిలో వెళ్దామనుకుంటే కెల్డోర్న్ ఎలాగూ ఇమడడు. పాలడిన్‌గా మీరూ ఆ గుంపులో నిలవడం కష్టం, పేరు దిగజారితే పాలడిన్ హోదా ఊడుతుంది. అంటే ఇన్‌క్విజిటర్ ఎవరికి? కెల్డోర్న్ మాటతీరు నచ్చని మంచివాళ్ళకి, లేదా పదేళ్ళ తర్వాత వస్తున్నవాళ్ళకి, రూల్స్ మర్చిపోయినా ఇది మిమ్మల్ని గట్టెక్కిస్తుంది.

ఫైటర్‌లలో చెప్పుకోవాల్సినవి రెండే. బెర్సర్కర్ కోపం తెచ్చుకున్నంతసేపూ భయం, గందరగోళం, స్తంభన, నిద్ర ఏవీ అంటవు, వాంపైర్‌లు లెవెల్స్ పీల్చేయడం కూడా పనిచేయదు. ఈ ఆటలో వాంపైర్‌లు ఎంత విసిగిస్తాయో తెలిసినవాళ్ళకి దీని విలువ తెలుసు. కానీ కోర్గన్ బెర్సర్కరే, వెంట తెచ్చుకుంటే సరిపోతుంది. రెండోది కెన్సాయ్. కవచం వేసుకోడు, విల్లు పట్టడు, చేతి తొడుగులు కూడా నిషేధం, బదులుగా ప్రతి మూడు లెవెల్స్‌కీ దెబ్బ గురికీ బలానికీ ఒక్కో పాయింట్ పెరుగుతూ పోతుంది. టెంపుల్ డిస్ట్రిక్ట్‌లో కాపలా ఉన్న ఒక ఇంట్లో సెలెస్టియల్ ఫ్యూరీ అనే కటానా దొరుకుతుంది, కెన్సాయ్ చేతిలో అది చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే ఎవరూ కెన్సాయ్‌ని కెన్సాయ్‌గా వదిలేయరు. అందరి కన్నూ డ్యూయల్ క్లాస్ మీదే.

దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది బోర్లాపడేది ఇక్కడే. మనిషి జాతికి మాత్రమే ఈ వెసులుబాటు ఉంది: ఒక క్లాస్‌లో కొంతదూరం వెళ్ళి, అది ఆపేసి, రెండో క్లాస్ మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు. కొత్త క్లాస్ లెవెల్ పాతదాన్ని దాటేదాకా పాత విద్య ఏదీ పనిచేయదు. దాటాక రెండూ మీవే. కెన్సాయ్ నుంచి మేజ్‌కి మారాలంటే బలం 15, తెలివి 17 ఉండాలి. కవచం లేని లోటు మేజ్ స్పెల్స్‌తో, అంటే స్టోన్‌స్కిన్‌తో, నకిలీ రూపాలు చూపే మిర్రర్ ఇమేజ్‌తో పూడుతుంది. కెన్సాయ్ దెబ్బ, మేజ్ తోలు. కాగితం మీద అద్భుతం.

లెక్క చూడండి. కొత్త పాత్ర ఈ ఆటలో 89,000 అనుభవం పాయింట్లతో మొదలవుతుంది, ఫైటర్‌కి అది 7వ లెవెల్. 9వ లెవెల్‌కి 2,50,000 కావాలి. అక్కడ మారితే, మేజ్ 10వ లెవెల్ చేరడానికి ఇంకో 2,50,000. ఇది భరించదగ్గదే, ఊళ్ళో నాలుగు పెద్ద క్వెస్ట్‌లు చేస్తే అయిపోతుంది. కానీ "ఇంకాస్త బలం వచ్చాక మారదాం" అని 13 దాకా ఆగితే అందుకే 12,50,000 కావాలి, ఆపైన మేజ్ 14కి మళ్ళీ 15,00,000. మొత్తం 27,50,000. షాడోస్ ఆఫ్ ఆమ్న్‌కి అప్పట్లో పెట్టిన గరిష్ఠ పరిమితే 29,50,000. అంటే ఆ భాగం అంతా ఒక అర మేజ్‌గా వెనక నిలబడి, త్రోన్ ఆఫ్ భాల్‌లో మాత్రమే సుఖపడతారు. అలికిన ఇల్లు ఆరేలోపు పండగ వెళ్ళిపోతుంది. నా మాట వింటే 9 దగ్గర మారండి. ఇంకో కిటుకు, ఈ ఆటలో స్పెల్ రాసి ఉన్న చుట్టని పుస్తకంలోకి ఎక్కించుకుంటే స్పెల్ స్థాయికి వెయ్యి చొప్పున పాయింట్లు వస్తాయి, ఆరో స్థాయి స్పెల్‌కి 6,000. మారకముందు నుంచే చుట్టలన్నీ అమ్మకుండా మూట కట్టి పెట్టుకుని, మారిన రోజు కూర్చుని వరసగా చదివేస్తే పరీక్షకి ముందు రాత్రి చదివినట్టు లెవెల్స్ టకటకా ఎక్కుతాయి.

నా అభిప్రాయం అడిగితే, ఆట మూడోసారి నాలుగోసారి ఆడుతూ చేతికి ఏదైనా దీర్ఘకాలిక పని కావాలనుకునేవాళ్ళకే ఇది. పదేళ్ళ తర్వాత తిరిగొస్తున్న మనిషికి వద్దు.

పూర్తి మేజ్ సంగతి. పార్టీలో ఎడ్విన్ ఉంటే ఇంకో మేజ్‌గా మీరు ఎందుకు అనే ప్రశ్న న్యాయమైందే, అతని మెడలో ఉన్న తాయెత్తు వల్ల అతనికి స్పెల్స్ ఎవరికంటేనైనా ఎక్కువ. అయినా ఇద్దరు మేజ్‌లు ఎప్పుడూ దండగ కాదు ఈ ఆటలో. 89,000తో మొదలయ్యే మేజ్ 7వ లెవెల్, 8కి 90,000 కావాలి, వెయ్యి పాయింట్ల దూరంలో ఆపేశారు, ఇది గమనించినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఇబ్బంది ఏంటంటే అత్కత్లా వీధుల్లో లైసెన్స్ లేకుండా మంత్రం వేయడం నేరం. వీధిలో స్పెల్ వేశారంటే ఊళ్ళో మంత్రాలని అదుపు చేసే కౌల్డ్ విజార్డ్‌లు ప్రత్యక్షమై నిలదీస్తారు, పట్టించుకోకపోతే యుద్ధమే. లైసెన్స్‌కి 5,000 బంగారు నాణేలు. ఒకపక్క ఎత్తుకుపోయిన ఇమోయెన్ కోసం 20,000 పోగెయ్యమని కథ తరుముతుంటే ఇంకోపక్క ఈ ఖర్చు. అయినా కట్టేయండి, వాయిదా వేస్తే ప్రతి సందు మలుపులోనూ మీ చేతులు కట్టేసినట్టే ఉంటుంది.

మేజ్‌కీ సార్సరర్‌కీ తేడా చాలామందికి ఒక వాక్యంలో చెప్పొచ్చు: మేజ్ వంద వంటలు తెలిసినవాడు గానీ పొద్దున్నే ఈరోజు ఏం వండాలో తేల్చుకోవాలి, సార్సరర్‌కి తెలిసింది కొన్నే గానీ ఏది ఎప్పుడు అడిగినా అప్పటికప్పుడు వండిపెడతాడు, అదీ ఎక్కువసార్లు. సార్సరర్ చుట్టల నుంచి నేర్చుకోలేడు, లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకున్నదే జీవితాంతం. అందుకే మొదటిసారి ఆడేవాళ్ళకి ఇది విషం, మళ్ళీ ఆడేవాళ్ళకి అమృతం, ఏ స్పెల్ ఎక్కడ పనికొస్తుందో మీకు ముందే తెలుసు కదా. నేను ఒకసారి అయిదో స్థాయిలో మొదట దొరికే ఒకే ఒక్క స్పెల్‌గా, రంగులు బాగుంటాయని, కోన్ ఆఫ్ కోల్డ్ తీసుకున్నాను. ఆ తర్వాత స్టోన్‌స్కిన్ వేసుకున్న ప్రతి మేజ్ ముందూ ఆ రక్షణలు ఛేదించే బ్రీచ్ లేక దిక్కులు చూస్తూ నిలబడ్డాను. రెండో స్థాయిలో మిర్రర్ ఇమేజ్, నాలుగో స్థాయిలో స్టోన్‌స్కిన్, అయిదులో బ్రీచ్, ఈ మూడూ కళ్ళు మూసుకుని తీసుకోండి. మిగతావాటిలో మీ ఇష్టం.

వైల్డ్ మేజ్ అని ఇంకొకటి, త్రోన్ ఆఫ్ భాల్‌తో వచ్చింది. నహాల్స్ రెక్‌లెస్ డ్వియోమర్ అనే ఒకటో స్థాయి స్పెల్‌తో, మీ పుస్తకంలో ఉన్న ఏ స్పెల్‌నైనా వేయడానికి ప్రయత్నించవచ్చు, మీ లెవెల్‌కి మించినదైనా సరే. పడితే పడింది, లేకపోతే ఏదైనా జరగొచ్చు: ఫైర్‌బాల్ మీ కాళ్ళ కిందే పేలొచ్చు, ఆకాశం నుంచి ఆవు పడొచ్చు. నిజంగానే ఆవు. ప్రతి యుద్ధానికి ముందు సేవ్ చేసుకునే అలవాటున్నవాళ్ళు నవ్వుకుంటూ ఆడతారు, లేనివాళ్ళు జుట్టు పీక్కుంటారు.

ఇక స్ట్రాంగ్‌హోల్డ్‌ల సంగతి చెప్పకపోతే ఈ పోలిక సగమే. క్లాస్‌ని బట్టి మీకో చోటు, దానితోపాటు ఆ క్లాస్‌కి మాత్రమే కనిపించే కథ దక్కుతాయి. మళ్ళీ ఆడేవాళ్ళకి ఇదే అసలు కొత్త సరుకు. ఫైటర్‌కి నాలియా వాళ్ళ కోట, దాంట్లోంచి ట్రోల్స్‌ని తరిమాక రైతుల గొడవలు, పన్నులు, తీర్పులు, చిన్నపాటి జమీందారీ. పాలడిన్‌కి రేడియంట్ హార్ట్ ఆర్డర్ పనులు అప్పగిస్తుంది. పూజారి అయిన క్లెరిక్‌కి గుడి, అది ఏ దేవుడిదన్నది మీ స్వభావాన్ని బట్టి, మంచివాళ్ళకి లాథాండర్, తటస్థులకి హెల్మ్, చెడ్డవాళ్ళకి టాలోస్. మేజ్‌కీ సార్సరర్‌కీ ప్లానార్ స్పియర్, లోకాల మధ్య తిరిగే గోళం, అందులో ముగ్గురు శిష్యులు. వాళ్ళకి ఏ పని అప్పజెప్పాలో మీరే తేల్చాలి, తొందరపడి కష్టమైన పని ఇస్తే ప్రాణాలు పోతాయి. మొదటిసారి ఒక పిల్లాడు అలా పోయినప్పుడు నేను నిజంగానే కాసేపు ఆట ఆపేశాను. థీఫ్‌కి మేవార్ గిల్డ్, మీ కింద దొంగలు, ఎవరికి ఎంత ప్రమాదమున్న పని ఇవ్వాలో మీరు చెప్పాలి, పైనున్న రెనాల్‌కి వాటా కట్టాలి. ఆఫీసులో టీమ్ లీడ్ చేసినవాళ్ళకి పరిచయమున్న బాధే.

వీటన్నిట్లో నాకు నచ్చింది మాత్రం పాటగాడైన బార్డ్‌ది. ఫైవ్ ఫ్లాగన్స్ అనే సత్రం కింద నాటకశాల. నాటకం వేయించాలి, డబ్బు పెట్టాలి, నటుల అలకలు తీర్చాలి, ప్రదర్శన రోజున ఏమవుతుందోనని గుండె పట్టుకుని చూడాలి. డ్రాగన్లని చంపే ఆటలో ఎవరు రాశారో గానీ ఈ క్వెస్ట్, సురభి నాటకాలు చూస్తూ పెరిగినవాళ్ళకి ఇల్లు గుర్తొస్తుంది. దీనికోసమైనా ఒకసారి బార్డ్‌గా ఆడండి. బ్లేడ్ కిట్ తీసుకుంటే రెండు కత్తులతో గిరగిరా తిరుగుతూ బాగానే కొట్టగలరు, కానీ దారిలో దొరికే హేర్‌డాలిస్ అచ్చంగా అదే, అతన్ని తెచ్చుకోవాలనుకుంటే మీరు స్కాల్డ్ తీసుకోండి, పాట మొదలుపెడితే పార్టీ అందరికీ దెబ్బ, గురి, రక్షణ పెరుగుతాయి. బార్డ్‌కి స్పెల్స్ ఆరో స్థాయితో ఆగిపోతాయి. చివరి దశలో థీఫ్‌కీ బార్డ్‌కీ యూజ్ ఎనీ ఐటమ్ అనే శక్తి దొరుకుతుంది, దాంతో పాలడిన్‌ల కార్సోమిర్ కూడా పట్టుకోవచ్చు. కెల్డోర్న్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మిగతావి గబగబా. క్లెరిక్ మంచి క్లాసే, కానీ ప్రతి యుద్ధం ముందూ అందరికీ స్పెల్స్ పూయడం మీ పని అవుతుంది, ఆ ఓపిక ఉంటేనే. డ్రూయిడ్ 14వ లెవెల్ దగ్గర చాలాకాలం ఇరుక్కుపోతుంది, షేప్‌షిఫ్టర్ కిట్ పేరు చూసి మోసపోవద్దు, కావాలంటే ఆ కిట్‌వాడే అయిన సెర్న్డ్‌ని తీసుకెళ్ళి రెండు రోజులు చూడండి, తెలుస్తుంది. మాంక్ మొదట్లో ఊదితే పడిపోయేట్టుంటాడు, పోనుపోను ఏ మంత్రమూ అంటని రాయిలా తయారవుతాడు, ఒట్టి చేతులే ఆయుధం కాబట్టి దారిలో దొరికే మంచి కత్తులన్నీ పక్కవాళ్ళకే పోతాయి, దొరికింది ఏరుకోవడం ఇష్టమున్నవాళ్ళకి ఇది నచ్చదు. ఆర్చర్ విల్లుతో దుమ్ము రేపుతుంది, కానీ కత్తి యుద్ధంలో నైపుణ్యం ఒక మెట్టు దాటదు. విజార్డ్ స్లేయర్, బీస్ట్ మాస్టర్, వీటి జోలికి వెళ్ళొద్దు, ఇచ్చేదానికంటే తీసుకునేదే ఎక్కువ.

1998 నాటి మొదటి భాగం నుంచి మొదలుపెట్టి ఇక్కడికి తెచ్చుకునేవాళ్ళకి లెక్క వేరు. అక్కడ ఒకటో లెవెల్ మేజ్ ప్రాణం నాలుగు పాయింట్లు, కాస్త దేహదారుఢ్యం కలిస్తే ఆరు. ఫ్రెండ్లీ ఆర్మ్ ఇన్ మెట్ల మీద టార్నెష్ అని ఒకడు కాచుకుని ఉంటాడు, పలకరించినట్టే పలకరించి మ్యాజిక్ మిసైల్ వేస్తాడు, అంతే, కథ అక్కడే సమాప్తం. అక్కడి నుంచి వచ్చేవాళ్ళకి ఆర్చర్‌ని మించింది లేదు, ఆ భాగమంతా విల్లుదే రాజ్యం, రెండో భాగానికి వచ్చాక మెరుపు కాస్త తగ్గినా నెట్టుకురావచ్చు.

క్లాస్ తేలాక ఇంకో ఊబి ఉంటుంది, బలం, తెలివి లాంటివాటికి పాయింట్లు పంచే స్క్రీన్. మొత్తం పాయింట్లు మార్చే రీరోల్ బటన్ నొక్కుతూ కూర్చుంటారు. 84, 79, 88, 81. వేలు దానంతటదే కదులుతుంటుంది, కళ్ళు మూతలు పడుతుంటాయి, 95 కనిపించిన క్షణంలోనే వేలు ఆగకుండా ఇంకోసారి నొక్కేసి, 77 ముందు కూర్చోబెడుతుంది. స్టోర్ బటన్ ఉంది, 88 దాటిన ప్రతిదాన్నీ దాచుకుంటూ పోండి, పది నిమిషాలు అలారం పెట్టుకుని అది మోగగానే ఉన్నదాంతో బయటపడండి. ఆకర్షణని కొలిచే చరిష్మా మీద ఖర్చు పెట్టొద్దు, ఊళ్ళో సర్కస్ డేరా క్వెస్ట్ చేస్తే దొరికే ఉంగరం తొడుక్కుంటే అది 18 అవుతుంది. ఏరీ కూడా అక్కడే దొరుకుతుంది, కాబట్టి ఎలాగూ వెళ్తారు.

ప్రస్తుతం నా కాగితం మీదున్న పేర్లు ఇవి: కెల్డోర్న్, మాజీ, జహీరా, ఏరీ, ఆరో కుర్చీలో ఇమోయెన్ వచ్చేదాకా నాలియా. కొట్టేవాళ్ళున్నారు, మేజ్‌లున్నారు, డిస్పెల్ ఉంది, వైద్యం ఉంది. లేనిది సరైన థీఫే. అందుకని హాఫ్-ఓర్క్ ఫైటర్-థీఫ్, చేతిలో ఈసారి గొడ్డలి కాకుండా పొడుగు కత్తి. నిన్న రాత్రి కాపర్ కోరోనెట్ వెనక గదుల్లో బానిసల వ్యాపారుల దాకా వచ్చాను, మిగతా వాళ్ళందరూ వరండాలోనే నిలబడి ఉన్నారు.